ఇంజిన్ ఎక్కించాక ‘టిక్.. టిక్..’ అంటోందా?

ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ. కాలేజీ వర్క్‌షాపు వెనక షెడ్డులో మా పాత ఆల్టో. ఇంజిన్ దించి, విప్పి, మళ్లీ బిగించి ఎక్కించింది మేమే.. నలుగురం. బండితో వచ్చిన పోత మానిఫోల్డ్ తీసేసి, దాని స్థానంలో పైపులు వంచి వెల్డింగ్ చేయించిన హెడర్ వేశాం. దానివల్ల మైలేజీ, పికప్ ఎలా మారతాయన్నది మా ప్రాజెక్టు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు స్టార్ట్ చేయమన్నారు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మా మొహాలు వెలిగిపోయాయి.

ఆయన మాత్రం బానెట్ దగ్గరికి వంగి, ‘ఆ టిక్ టిక్ ఏంటి?’ అన్నారు.

‘టాపెట్ సౌండ్ సార్’ అన్నాం, చాలా ధీమాగా.

‘హెడర్ నట్లు ఎంత టార్క్‌కి బిగించారు?’

‘గట్టిగానే బిగించాం సార్!’

ఆయన నవ్వలేదు. ఫోన్ లైట్ వేసి మూడో సిలిండర్ దగ్గర చూపించారు. హెడ్‌కీ హెడర్‌కీ మధ్య కాటుక పెట్టినట్టు నల్లటి మసి చార. తర్వాత మా రిపోర్టులో చివరి పేజీ తీశారు. ‘హెడర్ వేయడం వల్ల మైలేజీ తగ్గింది’ అని మేం రాసుకున్న ముగింపు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఓ ప్రశ్నార్థకం పెట్టి వెళ్లిపోయారు.

మార్కులు పోయిన బాధ నాలుగు రోజులే. ఆ ప్రశ్నార్థకం మాత్రం నన్ను వదల్లేదు. రిజల్ట్స్ వచ్చాక కూడా ఆ హెడర్ పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో తిరిగాను. నాలుగేళ్ల బీటెక్‌లో నేర్చుకోనివి అక్కడ కొన్ని నేర్చుకున్నాను. మెకానికల్, ఆటోమొబైల్ చదువుతూ కోర్ ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లకు అవే ఇప్పుడు చెబుతున్నా.

పొగ బయటికి.. గాలి లోపలికి

లీకు అనగానే అందరం అనుకునేది ఒక్కటే. లోపలి పొగ బయటికి వచ్చేస్తుంది, శబ్దం వస్తుంది, అంతే కదా అని. అసలు చిక్కు దానికి రివర్సులో ఉంది.

ఎగ్జాస్ట్ గ్యాస్ కుళాయి నీళ్లలా ధారగా రాదు. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో తోపుగా వస్తుంది. తోపు వెళ్లిపోయాక దాని వెనక కొద్ది క్షణాలు పైపులో పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. అప్పుడు లీకు ఉన్న సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. కింద కాసుకుని కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్‌కి ఇవన్నీ తెలియవు. ‘ఆక్సిజన్ మిగిలిపోతోంది, పెట్రోలు చాలడం లేదు’ అని ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ దాని మాట నమ్మి ఇంజెక్టర్లను ఇంకాసేపు తెరిచి ఉంచుతుంది. నిజానికి ఇంజిన్‌కి పెట్రోలు సరిపోతూనే ఉంది. కాబట్టి అదనంగా పడిందంతా వృథా. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కెటలిటిక్ కన్వర్టర్ మీద భారం పడుతుంది.

ఆటోనగర్‌లో స్కానర్ పెట్టి చూస్తే మా బండిలో జరుగుతున్నది ఇదే. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 15 శాతం దాటి ఉంది. రేజ్ చేస్తే దిగుతోంది. ఐడిల్‌లో లోపలికి వచ్చే గ్యాసే తక్కువ, అందులో దూరిన కాస్త గాలి కూడా పెద్ద వాటాగా కనిపిస్తుంది. రేజ్ చేసినప్పుడు గ్యాసు ఎక్కువై ఆ వాటా పలచబడుతుంది. అంటే మైలేజీ తగ్గించింది హెడర్ డిజైన్ కాదు. దాన్ని మేం బిగించిన తీరు. నాలుగు నెలల ప్రాజెక్టుకి మేం రాసిన ముగింపే తప్పు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక ఆ టిక్ టిక్ సంగతి. చల్లటి ఇంజిన్‌లో గట్టిగా వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అనుమానం ముందు గాస్కెట్ మీదే పెట్టండి. లోహం వేడికి సాగి సందు కొంత మూసుకుపోతుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. దాన్ని చూసి ‘సెట్ అయిపోయింది’ అనుకుంటాం. మేమూ అదే అనుకున్నాం.

వంకర ఎక్కడొచ్చింది?

హెడర్‌ని హెడ్‌కి కలిపే పలకను ఫ్లాంజ్ అంటారు. మాది 6 మిల్లీమీటర్ల ఎంఎస్ ప్లేటు. దాని మీద మూడు పైపులు నిలబెట్టి చుట్టూ వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ అంటే ఒకవైపు లోహాన్ని కరిగించి చల్లార్చడం. చల్లారేటప్పుడు ఆ వైపు ముడుచుకుంటుంది, ప్లేటు అరటి దొప్పలా వంగుతుంది. కంటికి కనిపించదు. స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. మా ఫ్లాంజ్ చివర 0.4 మిల్లీమీటరు రేకు సునాయాసంగా దూరిపోయింది. సర్వీసు మాన్యువళ్లు సాధారణంగా ఒప్పుకునేది 0.1 దగ్గరే.

‘ఫస్టియర్ ఫిట్టింగ్ ల్యాబులో ఫైలింగ్ చేశారా బాబూ?’ అని అడిగాడు మేస్త్రి. చేశాం అన్నాను. ‘మరి నీలం ఎందుకు పూస్తారో చెప్పలేదా?’ ప్రష్యన్ బ్లూ గురించి ఆయన అడుగుతున్నది. సర్ఫేస్ ప్లేటుకి పలచగా నీలం రాసి దాని మీద ఫ్లాంజ్ రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట మాత్రమే రంగు అంటుతుంది. మాదానికి మధ్యలో ఓ చారెడు మేర మాత్రమే అంటింది. ఆ ల్యాబు రికార్డు నేను సీనియర్ దగ్గర చూసి రాసిన సంగతి ఆయనకి చెప్పలేదు లెండి.

రెండోసారి ఆయన చేయించిన పద్ధతి వేరు. ప్లేటు 10 మిల్లీమీటర్లది తీసుకున్నాం. పాడైపోయిన పాత హెడ్ ఒకటి తెచ్చి, ఫ్లాంజ్‌ని దానికి నట్లతో బిగించేశాం. ముందు చుక్కలు చుక్కలుగా ట్యాక్ వేయడం. తర్వాత ఒక పైపుకి కాస్త, ఆగి ఇంకో పైపుకి కాస్త. మొత్తం అయ్యాక కూడా నట్లు విప్పనివ్వలేదు, పూర్తిగా చల్లారేదాకా హెడ్ మీదే ఉంచేశాం. విప్పాక కొద్దిగా వంపు ఉంటే సర్ఫేస్ గ్రైండింగ్. చివరగా పోర్టుకీ పోర్టుకీ మధ్య ఫ్లాంజ్‌ని రంపంతో తెగ్గోయించాడు. నేను కంగారుపడ్డాను. ‘ముగ్గురినీ ఒక తాడుకి కడితే ఒకడు పడితే అందరూ పడతారు. విడదీస్తే ఎవడి చోటులో వాడు కూర్చుంటాడు’ అన్నాడు.

ఆ మాటకి లెక్క కూడా ఉంది. హెడ్ అల్యూమినియం. హెడర్ ఉక్కు. ఫ్లాంజ్ పొడవు 30 సెంటీమీటర్లు అనుకోండి. నడుస్తున్నప్పుడు దాని వేడి 300 డిగ్రీలు పెరిగిందనుకుంటే, మామూలు ఉక్కు సుమారు 1.1 మిల్లీమీటరు సాగుతుంది. హెడ్ వెనక కూలింగ్ నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి దాని వేడి 70 డిగ్రీలే పెరిగితే అది సాగేది అర మిల్లీమీటరు లోపే. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి, కానీ ఒకటి రెండో దాని కంటే అర మిల్లీమీటరుకి పైగా ఎక్కువ కదులుతోంది. స్టెయిన్‌లెస్ స్టీల్ 304 అయితే ఆ తేడా ఇంచుమించు రెట్టింపు. అందుకే ఫ్లాంజ్ చివరి రంధ్రాలు గుండ్రంగా కాకుండా కాస్త కోలగా పెడతారు. అందుకే మంచి గాస్కెట్‌కి పైన గ్రాఫైట్ పొర ఉంటుంది. లీకు ఆపుతూనే జారనివ్వాలి దాని పని.

పేస్టు పూస్తే సరిపోదా?

మేం మొదటిసారి చేసిన ఘనకార్యం అదే. ఫ్లాంజ్ సరిగ్గా ఆనకపోతే ఎర్ర సిలికాన్ పేస్టు ట్యూబు సగం ఖాళీ చేశాం. పెట్రోలు ఇంజిన్‌లో లోడ్ మీద పోర్టు నుంచి వచ్చే గ్యాసు 700 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. ఎర్ర సిలికాన్ కాసేపు ఓర్చుకునేది 340 డిగ్రీల చుట్టుపక్కల. కాలిపోయి, పొరలుగా ఊడి, ఆ ముక్కలు కింద కన్వర్టర్‌లోకి పోతాయి. పైగా కొన్ని రకాల సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్ మీద పొరలా కూర్చుని దాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది. ట్యూబు మీద ‘సెన్సర్ సేఫ్’ అని రాసి ఉండటానికి కారణం ఇదే. ఉన్నా సరే, అది ఆయిల్ చాంబర్‌కి, వాటర్ పంప్‌కి. హెడర్‌కి కాదు.

హెడర్‌కి గాస్కెట్టే. పల్చటి స్టీలు రేకులు పొరలుగా పేర్చింది కానీ, మధ్యలో చిల్లుల రేకు పెట్టి గ్రాఫైట్ అద్దింది కానీ. మెత్తటి రాగి రేకు కూడా వాడతారు. ఏదైనా ఒకసారి నొక్కుకున్నాక దాని పని అయిపోయినట్టే, విప్పినప్పుడల్లా కొత్తది. బిగించే ముందు ఉత్తగా పోర్టు మీద పెట్టి చూసుకోండి. రంధ్రం పోర్టు కంటే చిన్నదై లోపలికి పొడుచుకొస్తే ఆ అంచు కాలిపోయి అక్కడి నుంచే చెడుతుంది.

పాత గాస్కెట్ గీకడం దగ్గర తొందర వద్దు. హెడ్ అల్యూమినియం, ఉక్కు ఉలితో గీకితే గాటు పడుతుంది. గ్రైండర్‌కి ఎమరీ డిస్కు తగిలించి రుద్దితే ఇంకా ప్రమాదం. ఆ దుమ్ము ఇంజిన్‌లోకి పోతే బేరింగులు అరిగిపోతాయి. పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ లేదా ఇత్తడి స్క్రేపర్‌తో గీకాలి. మరీ పాత బండి అయితే గాస్కెట్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, ఎయిర్ కొట్టి దుమ్ము లేపకండి. చివర్లో ఆ గుడ్డలు తీయడం మాత్రం మర్చిపోవద్దు!

‘గట్టిగా’ అంటే ఎంత?

ఇంటర్వ్యూల్లో నన్ను రెండుసార్లు అడిగిన ప్రశ్న ఇది, వేరే వేరే మాటల్లో. నట్టు తిప్పే బలం టార్క్. మనకు కావాల్సింది మాత్రం ఫ్లాంజ్‌ని హెడ్‌కేసి నొక్కే బలం. రెండింటి మధ్య లంకె చదువుకున్నదే. టార్క్ అంటే ఘర్షణ గుణకం, స్టడ్ వ్యాసం, నొక్కుడు బలం.. ఈ మూడింటి గుణకారం. ఎం8 స్టడ్‌ని 20 న్యూటన్ మీటర్లకు బిగించారనుకోండి. పొడి మరకి గుణకం 0.2 వేసుకుంటే నొక్కుడు బలం 12,500 న్యూటన్లు. అంటే ఒక్కో నట్టు మీద ఇంచుమించు 1,270 కిలోల బరువు పెట్టినట్టు. అదే మరకి యాంటీ సీజ్ రాశారు, గుణకం 0.15కి దిగింది. టార్క్ రెంచ్ మీద అంకె అదే, కానీ బలం 16,700 దగ్గరికి పోయింది. మూడో వంతు ఎక్కువ. ఇది తెలియని వాడు ‘మాన్యువల్లో ఉన్నంతే బిగించాను, స్టడ్డు ఎందుకు సాగింది?’ అని తల పట్టుకుంటాడు. మాన్యువల్ పొడిగా బిగించమందో, నూనె రాసి బిగించమందో చూడాల్సింది అందుకే.

బిగించే వరస మధ్య నుంచి రెండు చివర్లకి. ఒక్కసారే కాదు, రెండు మూడు విడతలు. ముందు చేత్తో అన్నీ ఆనించాలి, తర్వాత సగం టార్క్, తర్వాత పూర్తి. చివర నుంచి మొదలుపెడితే గాస్కెట్ మధ్యలో ఉబ్బి నలిగిపోతుంది. ఇంజిన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించాలా వద్దా అన్నది గాస్కెట్ రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీలు తప్పకుండా బిగించమంటాయి, కొన్ని ముట్టుకోవద్దంటాయి. ప్యాకెట్ లోపల మడిచి పెట్టిన కాగితం పారేయకుండా చదవండి.

వరస తప్పితే అంతే

అన్నీ సరిగ్గా చేసి కూడా మా రెండో ప్రయత్నం ఫెయిలైంది. మూడో స్టడ్డు పుటుక్కున తెగింది. ఈసారి తప్పు ఫ్లాంజ్‌ది కాదు, మాదే. ఇంజిన్ ఎక్కించి, మౌంటింగులు వదులుగా ఉండగానే, వెనక సైలెన్సర్ బ్రాకెట్ ముందు బిగించేశాం. అప్పుడు హెడర్ ఫ్లాంజ్ హెడ్‌కి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది. నట్లతో లాగి దగ్గరికి తెచ్చాం. ఆ లాగుడు బలమంతా స్టడ్డు మీదే నిలిచిపోయింది. దానికి వేడి, ఇంజిన్ అదురు తోడయ్యాయి.

సరైన వరస ఇదీ. ముందు ఇంజిన్ మౌంటింగులు పూర్తిగా బిగించి, ఇంజిన్ తన చోట కూర్చునేలా చూడాలి. ఆ తర్వాత హెడర్ నుంచి సైలెన్సర్ దాకా అన్నీ వదులుగా తగిలించాలి. ఫ్లాంజ్ ఏ బలవంతం లేకుండా హెడ్‌కి తనంతట తాను ఆనాలి. ఆనకపోతే పైపునే సరిచేయాలి తప్ప నట్లని పనిలోకి దించకూడదు. అప్పుడు హెడ్ దగ్గర బిగింపు, తర్వాత కింది జాయింటు, ఆఖర్న బ్రాకెట్లు, రబ్బర్లు. అడ్డంగా కూర్చునే ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊగుడు హెడర్ మీద పడకుండా స్ప్రింగు బోల్టుల జాయింటో, ఫ్లెక్సిబుల్ పైపో ఉంటుంది. మేం ‘అనవసరం’ అని తీసేసింది కూడా దాన్నే!

తెగిన స్టడ్డు తీయడానికి ఒక పూట పట్టింది. మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడి మీదే నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతూ తీశాడు మేస్త్రి. డ్రిల్లు పెట్టి అల్యూమినియం మర పోగొట్టుకుని ఉంటే హెలికాయిల్ వేయించాల్సి వచ్చేది.

పరీక్షించే పద్ధతి సులువు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకు దగ్గర బుడగలు వస్తాయి. స్టార్ట్ చేయకుండా కూడా చూడొచ్చు, వ్యాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు గొట్టాన్ని సైలెన్సర్‌కి గుడ్డతో బిగించి గాలి పంపాలి. ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం మీదిది. మేం ఓ వానరోజు షట్టరు సగం దించుకుని లీకు వెతికాం. ఇరవై నిమిషాల్లో మా వాడికి తలనొప్పి, వికారం. ఎండదెబ్బ అనుకున్నాం, వానలో! కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. బయటికి తీసుకొచ్చి గాలి తగిలాక తేరుకున్నాడు కాబట్టి సరిపోయింది. షెడ్డు తలుపులు తెరవకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. కారు లోపల కూర్చునేవాళ్లకూ ఇదే ముప్పు. లీకైన పొగ బానెట్ కింద నుంచి ఏసీ గాలితో పాటు క్యాబిన్‌లోకి రావచ్చు.

ఇది ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

‘అన్నా, అందరూ ఈవీలంటుంటే ఇంకా ఎగ్జాస్ట్ గాస్కెట్లేంటి?’ అని జూనియర్లు అడుగుతుంటారు. ఈవీ బ్యాటరీ ప్యాక్ మూత ఎలా బిగిస్తారో చూడండి. పెద్ద పలక, చుట్టూ బోల్టులు, మధ్యలో సీలు. నీరు దూరకూడదు. వేడెక్కి చల్లారినప్పుడల్లా పలకలు సాగి ముడుచుకుంటాయి. పలక ఎంత చదునుగా ఉంది, బోల్టు ఎంత బలంతో నొక్కుతోంది, సీలు ఎంత నలిగింది.. ప్రశ్నలు అవే. రెండు పలకల మధ్య పెడితే ఒత్తిడి పడిన చోట ఎర్రబడే ఫిల్ములు ఇండస్ట్రీలో వాడతారు. మన ల్యాబు నీలానికి అది పెద్దన్నయ్య.

ఇంజిన్ల వైపు కూడా పని తగ్గిపోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6, 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తుండగానే ఉద్గారాలు కొలిచే రెండో దశ వచ్చాక చిన్న లీకు కూడా పెద్ద తలనొప్పే. ఉద్యోగాలు కార్ల కంపెనీల్లో మాత్రమే ఉండవు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంట్లు అందరికీ తెలిసినవే. గాస్కెట్లు చేసే టాల్‌బ్రోస్, ఎగ్జాస్ట్ సిస్టమ్స్ చేసే షార్దా మోటార్ లాంటి సప్లయర్ల వైపు మనవాళ్లు అంతగా చూడరు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ లాంటి టెస్టింగ్ సంస్థలున్నాయి. డిగ్రీ అయినవాళ్లకు అప్రెంటిస్‌షిప్‌లు నాట్స్ పోర్టల్‌లో పడుతుంటాయి, వారానికోసారి చూస్తూ ఉండండి.

రెజ్యూమెలో ‘ఇంజిన్ ఓవర్‌హాలింగ్ చేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘ఫ్లాంజ్ వంపు 0.4 నుంచి 0.05 మిల్లీమీటర్లకు తగ్గించి, ఎగ్జాస్ట్ లీకు వల్ల వచ్చిన ఫ్యూయల్ ట్రిమ్ తేడా సరిచేశాను’ అని రాసి చూడండి. నా మొదటి టెస్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ముప్పావుగంట ఆ ఒక్క లైను మీదే గడిచింది. ‘మీ ప్రాజెక్టు రిజల్ట్ తప్పని మీరే చెబుతున్నారా?’ అని అడిగారు ప్యానెల్‌లో ఒకరు. అవునన్నాను. వైట్‌బోర్డు మీద మూడు పోర్టులు గీసి, లీకు ఎక్కడుందో, గాలి ఎటు దూరిందో వివరించాను.

మేస్త్రి చేతిలో మూడోసారి బిగించిన ఆ ఆల్టోని విజయవాడ నుంచి ఏలూరు దాకా రెండుసార్లు తిప్పి, ట్యాంకు నింపించి లెక్కేశాం. పోత మానిఫోల్డ్‌తో వచ్చిన మైలేజీకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పికప్ మెరుగైనట్టు అనిపించింది, కానీ కొలవలేదు కాబట్టి రాయలేదు. సరిచేసిన రిపోర్టు ఎగ్జామినర్ గారికి మెయిల్ చేశాను. రెండు వారాలకు ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: ‘టార్క్ ఎంత?’ అని.